రాయికి ఏడున్నర మీటర్ల పైన

నా కంప్యూటర్‌లో ఒక ఫైల్ ఉంది. తెరిస్తే ఒక రాయి కనిపిస్తుంది, రాయి మీద ఒక అంతరిక్ష ఓడ. చుట్టూ చీకటి. రాయి నిదానంగా తిరుగుతూ ఉంటుంది. ఓడ కూడా దాంతోపాటే ఎండలోకి వస్తుంది, నీడలోకి పోతుంది, మళ్ళీ ఎండలోకి వస్తుంది. ఓడ కిటికీలో దీపం వెలుగుతూనే ఉంటుంది. దాన్ని అక్కడ దించిన మనిషి చనిపోయాడు. ఆ ఫైల్ తెరవాలంటే నాకు భయం. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, నాకున్నదల్లా సిగ్గు. కానీ సిగ్గు కూడా పట్టి పీడిస్తుంది. పట్టపగలు స్కూటీ మీద పోతుంటే కూడా వెనక సీట్లో ఎక్కి కూర్చుంటుంది.

అప్పట్లో నేను నాచారంలో ఒక చిన్న ఇంజనీరింగ్ షెడ్డులో కంప్యూటర్ మీద డ్రాయింగులు వేసేదాన్ని. తెనాలి పక్క మాది. డిప్లొమా చేసి వచ్చి, ఉప్పల్‌లో అమ్మా నేనూ అద్దెకుండేవాళ్ళం. ఉప్పల్ రోడ్డు మీద ఇంకా మెట్రో స్తంభాలు లేవలేదు. నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతోంది. “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే” అని ఆవిడంటే, “ముందు ఊరి సంగతి చూసి రా” అని ఎదురు చెప్పేదాన్ని. పని బాగా చేస్తానని గర్వం. గర్వానికి తోడు కోపం. ఇంకేం కావాలి!

ఓడని దించిన ఆ మనిషి మా షెడ్డులో పెద్ద టర్నర్. ఇనుప కడ్డీల్ని గిర్రున తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ మీద ఇరవై ఏళ్ళు దాటిన చెయ్యి. భువనగిరి అవతల ఊరు, ఏడో తరగతి చదువు. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. నా డ్రాయింగులో ఏదైనా తేడా ఉంటే నలుగురిలో అనకుండా, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని డిజైన్ రూమ్‌కి వచ్చేవాడు. “చెల్లె, గీ కొలత జర సూడరాదు” అనేవాడు. తప్పు అనే మాట ఆయన నోట్లోంచి రాదు. నేను మాత్రం “సరిగ్గానే ఉంది, నువ్వే సరిగా చూడలేదు” అని ముందు ఎగిరి, తర్వాత చప్పుడు చెయ్యకుండా దిద్దేదాన్ని.

ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో అంతరిక్షంలో ఓడలు నడిపే ఆటలాంటి సిమ్యులేటర్ దొరికింది. మధ్యాహ్నం బువ్వ వేళ షెడ్డులో మిషన్లు ఆగగానే నేను అది పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన కాగితం మడతతో వచ్చి నా వెనక నిలబడిపోయాడు. ఓడని ముందుకి తోశాను, ఇంజన్ ఆపేశాను, అది పోతూనే ఉంది.

“బ్రేకు ఏస్తలేవేంది?” అన్నాడు.

“ఇక్కడ బ్రేకులుండవన్నా. ఆపాలంటే వెనక్కి తొయ్యాలి.”

“ఓర్నీ! నూనె పోసినా గిట్ల జారదు గద” అని టిఫిన్ డబ్బా అక్కడే తెరిచాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఇద్దరివీ అయ్యాయి. ఆయన భార్య, నాకు వదిన, పెట్టిన జొన్నరొట్టె సగం నాకు, మా అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సగం ఆయనకి.

ఆ సిమ్యులేటర్‌లో మనకి కావలసిన గ్రహాన్నో రాయినో మనమే తయారు చేసి పెట్టుకోవచ్చు. భూమికి దగ్గరగా వచ్చిపోయే రాళ్ళ జాబితా ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటే చదివి వినిపించాను. అందులో ఒక చిన్న రాయి దగ్గర ఆయన ఆపమన్నాడు. దానికి పేరు లేదు, నంబరు మాత్రం ఉంది. ముప్పై మీటర్ల పొడవు ఉండొచ్చని, కోలగా ఉండొచ్చని అంచనా. దాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు లేరు.

“మన షెడ్డు గూడ గంతకంటే పెద్దగుంటది. గింత దానికి నంబరెందుకు?”

“ఎప్పుడైనా మన మీద పడుతుందేమోనని ఓ కన్నేసి ఉంచుతారన్నా.”

“పాపం, ఒక్కతే తిరుగుతది” అన్నాడు ఆయన. ఆ రాయినే చేద్దామని అక్కడే తేలిపోయింది.

రాయి దారి, అది తిరిగే వేగం ఇంటర్నెట్‌లో ఉన్నాయి, టైపు చేస్తే సరిపోయింది. ఆకారం మాత్రం మనం ఇవ్వాలి. మర్నాడు ఆయన మౌలాలి రైలు పట్టాల పక్క నుంచి ఒక కంకర రాయి ఏరుకొచ్చాడు. కోలగా, చిన్న వంకాయంత ఉంది. స్కేలు పెట్టి చూస్తే అరవై మిల్లీమీటర్ల పొడవు. మిల్లీమీటరుకి అర మీటరు లెక్క వేసుకుంటే ముప్పై మీటర్లకి సరిగ్గా సరిపోయింది. ఆ రాయిని ఒక ఇనుప ముక్క చివర జిగురుతో అంటించి, ఆ ముక్కని లేత్‌కి బిగించాడు. పనిముట్టు ఉండాల్సిన చోట ఒక సూది పెట్టాడు. రాయిని కాస్త కాస్త తిప్పుతూ, సూది రాయికి తాకిన ప్రతిసారీ, సూదిని జరిపే చక్రం మీద అంకె చదివేవాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకంలో రాసేదాన్ని. సూదికీ రాయికీ మధ్య బీడీ కాగితం పెట్టేవాడు. కాగితం కదలకుండా పట్టుకుందంటే తాకినట్టు. “ఇరవై తొమ్మిది పాయింట్ నాలుగు... రాసినవా? ముప్పై... ముప్పై పాయింట్ రెండు.” వారాల తరబడి మధ్యాహ్నాలన్నీ అదే పని. షెడ్డులో మిగతావాళ్ళు మా ఇద్దరికీ పిచ్చెక్కిందనుకున్నారు. ఈ రోజుకీ ఖాళీగా కూర్చుంటే ఆ గొంతు నా చెవిలో అంకెలు చదువుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లేత్ మీద పనిముట్టు ఒక మిల్లీమీటరు లోపలికి జరిగితే, తిరిగే రాడ్డు అన్ని పక్కలా అరిగి రెండు మిల్లీమీటర్లు సన్నబడుతుంది. అందుకని ఆయన లేత్ చక్రం మీద అంకెలు జరిగిన దూరం చెప్పవు, రెట్టింపు చేసి రాడ్డు మందమే చెబుతాయి. ఆ మందాన్నే షెడ్డులో డయా అంటారు. టర్నర్లకి ప్రపంచమంతా డయాయే. కంప్యూటర్‌కి మాత్రం రాయి నడుమ నుంచి అంచు దాకా ఎంత దూరమో చెప్పాలి, అంటే అందులో సగం. నేను సగం చెయ్యలేదు. ఆయన చదివిన అంకెలు చదివినట్టే ఎక్కించాను. పొడవు సరిగ్గానే వచ్చింది కానీ నడుము రెట్టింపయింది. వంకాయలా రావాల్సిన రాయి బూరెలా వచ్చింది.

ఆయన తెర వంక చూసి, “చెల్లె, మన రాయి జర లావైనట్టు లేదా?” అన్నాడు.

“తెర మీద అలాగే కనిపిస్తుందన్నా. నీకు తెలీదు” అన్నాను. ఆయన తలూపాడు.

ఆ రాయి మీద ఓడ దించడం నా వల్ల కాలేదు. అంత చిన్న రాయికి బరువెక్కడిది, పట్టి లాగడానికి! ఏ కాస్త గట్టిగా తగిలినా ఓడ బంతిలా ఎగిరిపోతుంది. పది సార్లు ఎగరగొట్టాక కీబోర్డు విసిరి కొట్టినంత పని చేశాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి నన్ను లేవమన్నాడు. “తిరిగే జాబుకు టూలు తాకిచ్చుడే గద ఇది. తొందరపడితే విరుగుతది” అన్నాడు. లేత్‌కి బిగించిన ముక్కని ఆయన జాబు అనేవాడు. ఒక్కో మీటను పిల్లి అడుగులా నొక్కేవాడు. రాయి తిరిగే వేగాన్ని ఓడకిచ్చి, రాయితోపాటు తిప్పుతూ, వెంట్రుక వాసి చొప్పున దగ్గరికి జరిపేవాడు. రోజూ గంట కొట్టేస్తే ఆపి వెళ్ళిపోవడం, మర్నాడు మళ్ళీ అక్కడి నుంచే. ఒక మధ్యాహ్నం ఫిట్టర్లూ వెల్డర్లూ అందరూ మా వెనక గుమిగూడి ఉండగా ఓడ రాయిని తాకింది. ఎగరలేదు. “కాయితం పట్టుకుంది” అన్నాడు ఆయన, మీట మీద నుంచి వేలు తియ్యకుండానే. షెడ్డంతా ఈలలు. నేను ఫైల్ భద్రం చేసేశాను. ఆయన కళ్ళల్లో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

కొన్నాళ్ళకి ఆ రాయిని ఆ సిమ్యులేటర్ వాడేవాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టాను, మా ఇద్దరి పేర్లతో. మెచ్చుకుంటారని వారం రోజులు ఎదురుచూశాను. ఏ దేశంవాడో ఒకడు రాశాడు: మీ రాయి ఇంత గుండ్రంగా ఉందేమిటి, ఎక్కడో కొలత రెట్టింపు చేసినట్టున్నారు, చూసుకోండి అని. చదవగానే నాకు తల కొట్టేసినట్టయింది. ఎక్కడ జరిగిందో కూడా వెంటనే అర్థమైంది. అర్థమైనదాన్ని ఆగి ఆలోచిస్తే నేను నేనెలా అవుతాను? సరాసరి షెడ్డులోకి వెళ్ళాను. మిషన్లు నడుస్తున్నాయి కాబట్టి అరవక తప్పదు, అరవడానికి నాకు సాకు కూడా అక్కర్లేదు.

“నువ్వు చదివింది డయా అని నాకు చెప్పక్కర్లేదా? సగం చెయ్యాలని తెలీదా? డయాకీ రేడియస్‌కీ తేడా తెలీకుండా ఇరవై ఏళ్ళు ఈ లేత్ మీద ఏం పీకినట్టు?”

ఆయన లేత్ ఆపాడు. ఒక్కొక్కటిగా మిగతా మిషన్లు కూడా ఆగాయి. రాష్ట్రం కోసం గొడవలు జోరుగా నడుస్తున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. షెడ్డులో మాటలు అప్పటికే రెండు పక్కలుగా చీలి ఉన్నాయి. ఒక ఫిట్టరు, “సూసిన్రా, ఆంధ్రోళ్ళ అహంకారం గిట్లుంటది. మనకేం తెల్వదని వాళ్ళ లెక్క” అన్నాడు.

ఆయన చెయ్యెత్తి వాడిని ఆపాడు. “ఊకోరా. దానికి కోపమొచ్చింది, గంతే” అన్నాడు. నా వంక చూడలేదు. బనీను గుడ్డతో చేతులు తుడుచుకుని లేత్ ఆన్ చేశాడు.

మర్నాటి నుంచి ఆయన డిజైన్ రూమ్‌కి రాలేదు. బువ్వ లేత్ పక్కనే తినేవాడు. డ్రాయింగులో తేడాలుంటే ఇంకెవరితోనో చెప్పి పంపేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసి అలుగుతాడా అనుకున్నాను. ఆ మంటలోనే, ఆయన తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిద్దామని కొలతల పుస్తకం తీశాను. మొదటి పేజీలో మొదటి అంకె పైన ఒక సున్నా, సున్నా మీద అడ్డంగా గీత. డ్రాయింగుల్లో డయాకి మేం వేసే గుర్తు. దస్తూరి నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు ఆయన చక్రం మీద చెయ్యి వేసి, “చెల్లె, ఇది డయా లెక్క, యాదిలో పెట్టుకో” అన్నాడు. నేను “ఆఁ ఆఁ, తెలుసులే” అంటూ ఆ గుర్తు వేశాను. వేసి మర్చిపోయాను. ఆయన చెప్పాడు, నేను రాశాను, తప్పు మొత్తం నాది. ఏ మనిషైనా ఆ పుస్తకం పట్టుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడతాడు. నేను ఆ పేజీ చింపేశాను. చింపి, ముక్కలు చేసి, బాత్రూములో వేసి నీళ్ళు పోశాను. ఆ మధ్యాహ్నం నుంచి నేను తేలు కుట్టిన దొంగని.

రేపు చెబుదాం అనుకునేదాన్ని. రేపు బంద్ అయ్యేది. ఎల్లుండి కరెంటు కోత, షెడ్డుకి సెలవు. ఆ తర్వాత రోజు ఆయన కనిపిస్తే, ఆ ఫిట్టరు కూడా పక్కనే ఉన్నాడు కదా, వాడి ముందు చెప్పాలా అని వెనక్కి తిరిగేదాన్ని. ఇలా నెలలు గడిచాయి. ఈలోగా ఆయన చిక్కిపోవడం మొదలుపెట్టాడు. ముందు కామెర్లన్నారు. తర్వాత కడుపులో గడ్డ అన్నారు. దవాఖానాలో కొన్నాళ్ళు ఉంచి, చేసేదేం లేదని ఇంటికి పంపించారు.

ఒక పొద్దున బత్తాయిలు కొనుక్కుని వాళ్ళింటికి వెళ్ళాను. షెడ్డు నుంచి నడిస్తే పది నిమిషాలు. ఈసారి చెప్పి తీరాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. మంచం మీద ఆయన గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు, చేతులు మాత్రం ఆ చేతులే. వదిన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు.

“చెల్లె, రాయి సంగతిల తప్పు నాదే. డయా అని నీకు చెప్పాల్సుండె. చెప్పలేదేమో.”

అలా అని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. కాదన్నా, నువ్వు చెప్పావు, నేనే రాసుకుని మర్చిపోయాను. ఇంతే కదా అనాల్సింది! నాలుగు మాటలు. ఊళ్ళో అందరినీ కడిగి పారేసే నోరు, ఆ నాలుగు మాటలకి పెగల్లేదు.

“పోనీలే అన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు” అన్నాను. క్షమించేసినట్టు అన్నాను. నా గొంతు నాకే వినిపించింది.

“సరిజేసినవా?” అని అడిగాడు ఆయన.

“లేదన్నా. రాయి సన్నబడితే ఓడ కింద నేలుండదు. ఏడున్నర మీటర్ల ఎత్తున గాలిలో ఉండిపోతుంది.”

“గాలేడిది గాడ?” అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. “ఉండనీ. మల్ల దించుకుందం. తప్పు కొలత మాత్రం ఉంచకు, పనోళ్ళకు మంచిగుండది.”

సరే అన్నాను. టీ తాగాను. వదిన గేటు దాకా వచ్చి, “మల్ల రా చెల్లె” అంది. మూడో రోజు ఆయన పోయాడు.

షెడ్డు ఆ తర్వాత ఎంతో కాలం నడవలేదు. నేను హబ్సిగూడలో వేరే ఆఫీసుకి మారాను. మారేటప్పుడు ఆ ఫైల్ వెంట తెచ్చుకున్నాను. మాట ఇచ్చాను కదా, సరిచెయ్యాలి. సగం చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టదు. కానీ చేస్తే ఓడ నేల విడిచిపోతుంది, మళ్ళీ దించడానికి ఆ చెయ్యి లేదు. అందుకని తెరిచేదాన్ని, చూసేదాన్ని, మూసేదాన్ని. ఆ దీపం వెలిగే కిటికీ వెనక ఆయన కూర్చుని, ఇంకా చెయ్యలేదా చెల్లె అని అడుగుతున్నట్టుండేది. ఒక్కోసారి నిజంగానే వినిపించేది, నేను నిజంగానే జవాబు చెప్పేదాన్ని. అమ్మ వంటింట్లోంచి “ఎవరితోనే?” అనేది.

రాష్ట్రం వచ్చిన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం, వీధిలో ఎవరో పటాసులు కాలుస్తుంటే, ఇక భరించలేక అన్ని అంకెలూ సగం చేశాను. రాయి సన్నబడింది. అచ్చం ఆయన మౌలాలి నుంచి తెచ్చిన రాయిలాగే ఉంది. దాని పైన, రెండంతస్తుల ఇంటి ఎత్తున, ఓడ కింద ఏమీ లేకుండా నిలబడి ఉంది. దించడానికి ప్రయత్నించాను. మొదటిసారి తగిలి ఎగిరింది. రెండోసారి తలకిందులైంది. నాలుగోసారికి చుక్కంతై చీకట్లోకి పోయింది. పాత ఫైల్ దాచుకున్నాను కాబట్టి మళ్ళీ తెచ్చుకోవచ్చు, అది వేరే సంగతి. కానీ అది అలా పోతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మొహం కడుక్కుని, స్కూటీ తీసి, నాచారం వెళ్ళాను.

వదిన వాకిట్లో చాట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను కూర్చోను కూడా లేదు. నిలబడే అంతా చెప్పేశాను. ఆయన డయా అని చెప్పాడని, నేను గుర్తు వేసుకుని మర్చిపోయానని, షెడ్డులో అందరి ముందూ ఆయన్ని అన్నానని, పేజీ చింపానని, ఆయన తప్పు నాదే అంటుంటే నోరు మూసుకున్నానని. ఎవరికైనా అది చెప్పడం అదే మొదలు.

వదిన చాట పక్కన పెట్టింది.

“ఆయనకు తెల్వదా చెల్లె? చెప్పినోడు ఆయన్నే గద.”

“మరి తప్పు నాది అని ఎందుకన్నాడు?”

“నీకు చెప్పనీకి నోరొస్తదేమో అని. ముందల నాదే తప్పని నేనంటే, అప్పుడన్న చెల్లె అంటదేమో అన్నడు. నువ్వు పోయినంక నన్ను అడిగిండు, గేటు కాడ పోరి నీతోని ఏమన్న జెప్పిందా అని. లేదని చెప్పిన. మల్లొస్తది, చెప్తది, మంచి పోరి అన్నడు. గా రెండు దినాలు మంచం తలుపు దిక్కు తిప్పిచ్చుకుండు.”

నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆ రెండు రోజులూ షెడ్డు తెరిచే ఉంది, కరెంటు కూడా ఉంది. పది నిమిషాల దూరంలో డిజైన్ రూమ్‌లో కూర్చుని డ్రాయింగులు వేసుకుంటున్నాను.